ఏడో నంబరు బిళ్ళ

కొండ ఎక్కే గుంపులో ఒక అన్యాయం ఉంటుంది. ఎవరూ పనిగట్టుకుని చేసేది కాదు కాబట్టి ఎవరి కంటికీ ఆనదు. ముందు నడిచేవాళ్ళు ఒకచోట ఆగుతారు. సంచులు దింపుతారు, నీళ్ళు తాగుతారు, బూట్లలోంచి ఇసుక దులుపుకుంటారు, వెనకవాళ్ళ కోసం చూస్తూ కూర్చుంటారు. పావుగంటకి ఆఖరి మనిషి ఆయాసపడుతూ వచ్చి చేరుతుంది. "హమ్మయ్య, వచ్చేశారా! ఇక పదండి" అంటూ అందరూ లేస్తారు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళకి పావుగంట విశ్రాంతి, లేనివాళ్ళకి అరనిమిషం కూడా లేదు.

మొదటి రోజు మధ్యాహ్నానికే పెద్దమ్మకి ఈ సంగతి తెలిసొచ్చింది. నాలుగుసార్లు గుంపుని అందుకుంది. నాలుగుసార్లూ ఆమె చూసింది లేచి వెళ్తున్న వీపుల్నే.

ఆమె చెల్లెలి కూతురు "పెద్దమ్మా, పెద్దమ్మా" అని పిలుస్తుంటే విని, గుంపులో అందరూ అదే పిలుపు పట్టుకున్నారు. నడిచేవాళ్ళు పన్నెండు మంది. మూడు రోజుల్లో మూడు దీవులు, మూడు అగ్నికొండలు. చెల్లెలు, మరిది, వాళ్ళమ్మాయి బయల్దేరుతూ "ఎంతసేపూ ఆ కుట్టుమిషన్ ముందేనా, రా అక్కా" అని ఆమెను కూడా లాక్కొచ్చారు. యాభై తొమ్మిదేళ్ళ దర్జీ మోకాళ్ళు ఎలా ఉంటాయో వాళ్ళకి తట్టలేదు. ఆమె కూడా చెప్పలేదు. పిలవక పిలవక పిలిచినప్పుడు మోకాళ్ళ సంగతి ఎత్తడం ఏం బాగుంటుంది?

గుంపుకి ముందొక గైడు, వెనకొక గైడు. ముందాయన మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉండేది కాబట్టి ఆయన ఈల మాస్టారు అయ్యాడు. వెనక నడిచే ఆమె తన పేరు తనే పెట్టుకుంది.

"ఆయన తల, నేను తోక. తోకమ్మా అని పిలవండి, పలుకుతా" అంది మొదటి రోజే నవ్వుతూ. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎండకి కమిలిన మొహం, పెద్ద పెద్ద అరచేతులు. నడుస్తూ నడుస్తూ వంగి, ముందువాళ్ళు పారేసిన కాగితాలు ఏరి జేబులో కుక్కుకునేది. వాటిలో ఎక్కువ నీలం చాక్లెట్ కాగితాలే. అవి బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దమనిషివి. ఆగినచోటల్లా ఆయనకి పుదీనా బిళ్ళ చప్పరించాలి, కాగితం అక్కడే పడేయాలి.

"మీ వెనక ఎవరూ ఉండరా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఉండకూడదు. నా వెనక మనిషి మిగిలిందంటే నేను పని చేయనట్టే లెక్క."

పెద్దమ్మకి నడక నేర్పింది తోకమ్మే. పై కాలు రాయి మీద పెట్టాక కింది కాలి మోకాలు బిగించి, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు రెండో అడుగు. "మిషన్ తొక్కుతారు కదా, మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. అదే ఇది. తొందరపడితే దారం తెగుతుంది" అంది. పెద్దమ్మకి ఆ మాట నచ్చింది. తన పని తెలిసినవాళ్ళలా మాట్లాడిన మనిషి ఆ గుంపులో ఇంకొకరు లేరు.

ప్రతి కొండ మొదట్లోనూ ఒక గేటు, గేటు పక్కన చెక్కబోర్డు, బోర్డుకి మేకులు. ఒక్కో మేకుకి ఒక్కో నంబరు ఇత్తడి బిళ్ళ. ఎక్కేముందు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవాలి, దిగాక ఎవరిది వాళ్ళు తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి కొండ మీద ఉన్నట్టు. పెద్దమ్మ నంబరు ఏడు.

"మీ బిళ్ళ ఏదీ?" అని తోకమ్మని అడిగితే నవ్వింది.

"వెనక మనిషికి బిళ్ళ ఉండదండీ. ఆఖరి బిళ్ళ ఎవరి దగ్గరుంటే వాళ్ళ వెంటే నేను. ఆఖరిది బోర్డెక్కిందంటే నేనూ దిగిపోయినట్టే."

*

రెండో రోజు దీవిలో కొండ చిన్నదే, కానీ కాలిన రాళ్ళు. అడుగేస్తే గలగలమని జారతాయి. పెద్దమ్మ దిగేసరికి నాలుగున్నర. పదకొండు బిళ్ళలు వేలాడుతున్నాయి. ఆఖరిది పడందే పడవ కదలనివ్వరు కాబట్టి పదకొండు మందీ గంటన్నరగా గేటు దగ్గర గొడుగుల కింద నిలబడి ఉన్నారు.

పెద్దమ్మ బిళ్ళని మేకుకి తగిలించింది. బ్యాంకాయన చప్పట్లు కొట్టాడు. "ఆఖరి బస్సు వచ్చేసిందహో!" అన్నాడు. ఇంకో ఇద్దరు చప్పట్లు కలిపారు. తర్వాత అందరూ. మరిది కూడా మొహమాటానికి రెండుసార్లు చేతులు కలిపి, పెద్దమ్మ కళ్ళు తనవైపు తిరగ్గానే ఆ చేతుల్ని జేబుల్లో పెట్టుకున్నాడు.

ఎగతాళి కాదు, సరదాయే. కానీ సరదా ఎవరికన్నదే కదా ప్రశ్న. పెద్దమ్మ నవ్వింది. పడవలో చివర కూర్చుని, అంచు ఊడిన చెల్లెలి టోపీకి కుట్టు వేస్తూ కూర్చుంది. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆమెకి సూది గుచ్చుకున్న సందర్భాలు లెక్కపెట్టొచ్చు.

మర్నాటి కొండ గురించే ఆలోచిస్తూ కుడుతోంది. అది పొగలు కక్కే కొండ. కొండ భయం ఒకటి, దిగాక మళ్ళీ ఆ చప్పట్లు వినాలన్న భయం ఒకటి. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

*

మూడో రోజు ఎక్కడం బాగానే జరిగింది. పైన కొండ నోరు చూశారు. కింద ఎక్కడో గరగరమని చప్పుడు, పసుపురంగు రాళ్ళ సందుల్లోంచి ఆవిరి, కుళ్ళిన గుడ్డు వాసన. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే పెద్దమ్మ ఒక రాయి పట్టుకుని నిలబడింది. ఆమె కాళ్ళ కింద నేల గోరువెచ్చగా ఉంది. నేల వెచ్చగా ఉండటమేమిటని ఆమె ఒళ్ళు జలదరించింది.

దిగేముందు చెల్లెలి కూతురు దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. "పెద్దమ్మా, నీ బిళ్ళ నాకివ్వు. నాదానితో పాటు తగిలించేస్తా. ఇక్కడి గేటు కాపలా తాత ఎవరి మొహమూ చూడడు. నువ్వు నిదానంగా రా. నీకోసం ఎవరూ కాచుక్కూర్చోరు, చప్పట్లూ ఉండవు."

"తప్పేమోనే."

"నిన్న నీ మొహం చూశాను పెద్దమ్మా. నాకేడుపొచ్చింది."

ఆ మాటకి పెద్దమ్మ కరిగిపోయింది. తోకమ్మ వెనక ఎవరి సంచి పట్టీయో బిగిస్తోంది, చూడలేదు. పెద్దమ్మ నడుము సంచిలోంచి బిళ్ళ తీసి పిల్ల చేతిలో పెట్టింది. ప్రేమగా అడిగింది, ప్రేమగా ఇచ్చింది. అంతే జరిగింది.

అరగంటలో ముందువాళ్ళు కనుమరుగయ్యారు. కాసేపటికి మబ్బు దిగింది. పది గజాల అవతల ఏముందో తెలియని మబ్బు. దారి పొడుగునా తెల్లరంగు పూసిన గుంజలు పాతి ఉన్నాయి. ఒక గుంజ దగ్గర నిలబడితే రెండోది లీలగా కనిపించాలి. ఒకచోట కనిపించలేదు. అక్కడ దారికి పక్కనే పెద్ద గుంట. దాని అంచున రేకు మీద రాసి ఉంది: 'సాయంత్రం నాలుగు దాటాక ఇక్కడ ఆగరాదు.'

"మీరు ఇక్కడే ఉండండి. గుంజ పడిపోయిందేమో చూస్తా" అని తోకమ్మ నాలుగు అడుగులు పక్కకి వేసింది.

పెంకు పగిలిన చప్పుడైంది. రాయిలా కనిపించిన నేల లోపల డొల్ల. తోకమ్మ మోకాలి దాకా దిగబడి, పక్కకి ఒరిగి, రాళ్ళతో సహా గుంటలోకి జారిపోయింది. అరవనైనా అరవలేదు. అరిచింది పెద్దమ్మే.

పెద్దమ్మ కూర్చుని, పాకుతూ, అరచేతులు గీసుకుపోతుంటే దిగింది. రెండు నిలువుల లోతుంటుంది. తోకమ్మ వెల్లకిలా పడి ఉంది. ఎడమ పాదం ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. భుజానికున్న రేడియో రాయికి కొట్టుకుని రెండు ముక్కలైంది.

"బూటు తీసేయండి. వాచిందంటే తీయలేం" అంది తోకమ్మ పళ్ళు బిగించి.

పెద్దమ్మ నడుము సంచిలో దారం కత్తిరించే చిన్న కత్తెర ఉంది. అది లేకుండా ఆమె గుమ్మం దాటదు. లేసులు ఒక్కొక్కటే కత్తిరించి బూటు ఊడదీసింది. ఒంటిమీదున్న ఎర్ర వానకోటు విప్పింది. ఈ ప్రయాణం కోసమని పల్చటి గుడ్డ తెచ్చి తనే కుట్టుకున్న కోటు. సగం చింపి, తోకమ్మ చేతికర్ర విరిచి రెండువైపులా పెట్టి, గట్టిగా చుట్టి ముడేసింది. చేతులు పని చేస్తున్నంతసేపూ ఆమెకి భయం తెలియలేదు. ముడి పడ్డాక తెలిసింది.

చంకల కింద చేతులు వేసి పైకి లాగబోయింది. జానెడు లాగితే ఇద్దరూ మూరెడు జారుతున్నారు. మూడుసార్లు చూసి మానుకుంది.

"పరవాలేదు" అంది తోకమ్మ రొప్పుతూ. "కూర్చోండి. మూడు దాటి అయిదు నిమిషాలైంది. ఈ కొండకి గడువు నాలుగింటికే; అప్పటికి రేడియోలో నా కబురు లేక, మీ మేకు ఖాళీగా ఉంటే గేటు తాత గంట కొడతాడు. ఆరుగురు స్ట్రెచరు పట్టుకుని వస్తారు. అయిదుకల్లా ఇక్కడుంటారు. అయిదున్నర దాకా సముద్రం గాలి ఉంటుంది, విషపు పొగ నిలవదు. గాలి పడిపోయాకే ఈ గుంటతో చిక్కు. మనం చేయాల్సిందల్లా కూర్చోవడమే పెద్దమ్మగారూ. మూడు రోజులుగా కూర్చోలేదు కదా, ఇప్పుడు కూర్చోండి."

పెద్దమ్మ కూర్చుంది. చెప్పాలి. ఎలా చెప్పాలి? ఇంత నమ్మిన మనిషితో, నీ ప్రాణం నిలబెట్టే బిళ్ళని చప్పట్లకి భయపడి పిల్ల చేతిలో పెట్టానని ఎలా చెప్పాలి? పిల్ల మర్చిపోయి ఉంటుందేమో. దారిలో పారేసుకుని ఉంటుందేమో. తనకి ప్రాణంలాంటి పిల్ల మతిమరుపుదై ఉండాలని మొక్కుకుంటూ పెద్దమ్మ రెండు నిమిషాలు కూర్చుంది. మూడు నిమిషాలు. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పున వచ్చి పోయింది.

"వాసన వస్తున్నంతసేపూ భయం లేదు" అంది తోకమ్మ. "వాసన తెలియడం మానేస్తేనే ముప్పు."

"అమ్మా" అంది పెద్దమ్మ. "నా బిళ్ళ నా దగ్గర లేదు."

తోకమ్మ తల తిప్పి చూసింది.

"మా పిల్లకిచ్చాను. ఈపాటికి బోర్డు మీద తగిలించేసి ఉంటుంది."

తోకమ్మ తిట్టినా బాగుండేది. ఆమె మొహంలోంచి రంగు దిగిపోవడం పెద్దమ్మ కళ్ళారా చూసింది. పన్నెండు మేకులూ నిండి ఉంటాయి. ఆఖరి బిళ్ళ బోర్డెక్కితే వెనక మనిషీ దిగిపోయినట్టే. ఎవరూ గంట కొట్టరు, ఎవరూ రారు.

"మీవాళ్ళు వెతకరా?" అంది తోకమ్మ.

"చెల్లెలూ మరిదీ బోర్డు చూసి, ఇద్దరం గుర్రాల దారిన ముందే దిగామనుకుంటారు. నువ్వే చెప్పావు కదా నిన్న, ఈ కొండకి గుర్రాల దారి అడ్డదారి అని. పిల్లేమో నేను వాళ్ళమ్మ దగ్గరున్నాననుకుంటుంది."

పైన ఎక్కడో ఒక రాయి దొర్లింది.

"అయితే మీరే వెళ్ళాలి" అంది తోకమ్మ. "గుర్రాల దారి వద్దు, మబ్బులో తప్పిపోతారు. గుంజల దారే. నాకు గంట, మీకు గంటన్నర, రెండు. పరిగెత్తకండి. మీరు పరిగెత్తితే పడతారు, పడితే ఇద్దరం పోతాం. మీ నడకే నడవండి. మడమ, వేళ్ళు."

పెద్దమ్మ తన మెడగుడ్డ నీళ్ళతో తడిపి ఆమె ముక్కుకి కట్టింది. లేవబోతే తోకమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. వదలాల్సినప్పుడు వదల్లేదు. ఆ పెద్ద అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"వస్తారుగా?" అంది, చిన్నపిల్లలా.

"ముప్ఫై ఏళ్ళలో ఇచ్చిన తేదీకి బట్ట ఇవ్వకపోవడం నేనెరగను" అంది పెద్దమ్మ. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

*

గుంట అంచుకి ఎక్కడానికే పావుగంట పట్టింది. పైకొచ్చాక మిగిలిన సగం కోటుని రెండు వేళ్ళ వెడల్పు పీలికలుగా కత్తిరించుకుంది. మొదటి పీలిక ఆ రేకుబోర్డుకి కట్టింది, రెండు ముళ్ళు వేసి. తర్వాత గుంజ గుంజకీ ఒకటి, ఎడమవైపే, ఒకే ఎత్తులో. వరసలు తప్పి కుట్టడం ఆమెకి చేతకాదు.

జల్లు మొదలైంది. కోటు లేదు. మడమ, వేళ్ళు. మోకాలు బిగించు, ఊపిరి తీయి. మబ్బులో తన ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు. ఒక్కత్తే అలా నడవడం ఆమెకి ఊహ తెలిశాక ఇదే మొదటిసారి. వెనక ఎవరూ లేరు. మూడు రోజులుగా వెనకాల గలగలమన్న ఆ అడుగుల చప్పుడు ఎంత ధైర్యమిచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

కుళ్ళిన గుడ్డు వాసన ఆగిపోయింది. పెద్దమ్మ ఆగింది. దూరం వచ్చేసినందుకా, ముక్కు మొద్దుబారిందా? చేతులు కడుక్కోవడానికి తెచ్చుకున్న నిమ్మ సబ్బు కాగితం నడుము సంచిలోంచి తీసి వాసన చూసింది. నిమ్మవాసన తెలిసింది. తనకి సరే. కానీ అక్కడ, ఆ మనిషికి? ఒంటరిగా పడుకుని, వాసన ఎప్పుడు ఆగుతుందా అని కాచుకుని ఉన్న మనిషికి? ఆ ఆలోచన రాగానే కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయి. నాలుగడుగులు వేసేసరికి జారి కూలబడింది. మోచెయ్యి చీరుకుపోయింది.

'దారం తెగుతుంది' అని తనని తనే తిట్టుకుని లేచింది.

రాళ్ళ మైదానం మధ్యలో గుంజలు లేవు. దారి రెండుగా చీలింది. రెండూ ఒకేలా నల్లగా, తడిగా మెరుస్తున్నాయి. పొద్దున ఎటునుంచి వచ్చారో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. పెద్దమ్మ అక్కడే నిలబడిపోయింది. ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చింది, వినేవాళ్ళెవరూ లేరు కదా. ఏడుస్తూనే ఎడమ దారిలో ఇరవై అడుగులు వెళ్ళి చూసింది, ఏమీ లేదు. తిరిగొచ్చి కుడి దారిలో వెళ్ళింది. బల్లలాంటి ఒక చదును రాయి. దాని పక్కన నీలం చాక్లెట్ కాగితం.

బ్యాంకాయన కూర్చున్న చోటు. ముందువాళ్ళు దిగుతూ ఇక్కడ ఆగారు. కాగితాలు ఏరే మనిషి ఈ రోజు వాళ్ళ వెనక రాలేదు కాబట్టి అది ఇంకా ఇక్కడే ఉంది. ఆ చెత్త కాగితాన్ని చూసి పెద్దమ్మ చేతులెత్తి దండం పెట్టింది. చీలిక దగ్గరికి తిరిగి వెళ్ళి, కుడి దారి మొదట్లో మూడు రాళ్ళు పేర్చి వాటికో పీలిక కట్టింది.

ఆ తర్వాత ఆమెకి దారి తెలిసిపోయింది. వాళ్ళు కూర్చున్న చోట్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఎక్కేటప్పుడు ఒక్కోచోటికీ ఆశగా చేరింది, ఒక్కోచోటా కూర్చోకుండానే కదిలింది. ఆశపడ్డ చోటు మనిషి మర్చిపోతుందా? ఇదిగో రెండు రాళ్ళ నడుమ నీడ. ఇదిగో పడిపోయిన మాను. ఒక్కోదాని దగ్గరా నీలం కాగితం. కూర్చోమని మోకాళ్ళు బతిమాలాయి. పెద్దమ్మ పీలిక కట్టి ముందుకే నడిచింది.

చెట్లలోకి దిగేసరికి ఆకుల చప్పుడు పల్చబడింది. గాలి తగ్గుతోంది.

*

గేటు తాత తాళం వేస్తున్నాడు.

"పైకి వెళ్ళకూడదమ్మా, వేళ దాటింది" అన్నాడు ఆమెని చూడకుండానే.

"వెళ్ళడం కాదు, దిగుతున్నాను."

"అందరూ దిగిపోయారు. బోర్డు నిండింది, చూడండి."

పెద్దమ్మ గేటు సందులోంచి చెయ్యి దూర్చి ఏడో నంబరు బిళ్ళని మేకు మీద నుంచి లాగేసింది. "ఇది నాది. నేను దిగలేదు. తోకమ్మ గుంటలో పడి ఉంది, కాలు విరిగింది. గంట కొట్టు తాతా, నీకు పుణ్యముంటుంది, గంట కొట్టు!"

తాత ఖాళీ మేకుని చూశాడు, రక్తమోడుతున్న ఆమె మోచేతిని చూశాడు. తాళం చేతిలోంచి జారిపోయింది. గంట మోగింది.

ఎదురుగా రేకుల కప్పు కింద టీ గ్లాసులు పట్టుకుని అయిదింటి పడవ కోసం కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారిగా లేచారు. ఆమె వచ్చినప్పుడల్లా లేచినట్టే. కానీ ఈసారి ఎవరూ సంచులు తీసుకోలేదు.

"అక్కా! నువ్వు ఆడవాళ్ళ గదిలో పడుకున్నావనుకున్నానే. తలుపు వేసుంటే నిద్ర చెడగొట్టడమెందుకని..." అంది చెల్లెలు. ఆ మాటే నమ్మి ఊరుకున్న అమ్మాయి మొహం సున్నం కొట్టినట్టయింది.

ఈల మాస్టారు గడియారం చూసుకున్నాడు. అయిదుకి పది నిమిషాలు తక్కువ. "ఎక్కడ?" అన్నాడు.

"నాలుగు దాటాక ఆగరాదని రాసిన గుంటలో. దారి పొడుగునా ఎర్ర పీలికలు కట్టాను, దిగేవాళ్ళకి ఎడమవైపు. చీలిక దగ్గర కుడివైపు, మూడు రాళ్ళు. నాకోసం ఆగకండి, నేనక్కర్లేదు."

ఆయన గేటు తోసుకుని పైకి కదిలాడు. ఆరుగురు మనుషులు స్ట్రెచరు, ముక్కుకి కట్టుకునే గొట్టాలు పట్టుకుని పరిగెత్తారు. మరిది కూడా వాళ్ళతో వెళ్ళాడు. బ్యాంకాయన తన కుర్చీ తెచ్చి గేటు అవతల కొండవైపే నిలబడిన పెద్దమ్మ వెనక వేశాడు. జేబులోంచి పుదీనా బిళ్ళ తీసి ఇచ్చాడు. ఆమె తీసుకుంది కానీ కూర్చోలేదు.

"లోపలికి రండమ్మా. ముందు బిళ్ళ తగిలించండి, గాయం కడుగుదాం" అన్నాడు తాత.

"తగిలించను." పెద్దమ్మ బిళ్ళని గుప్పిట్లో బిగించింది. "ఆఖరి బిళ్ళ ఎవరి దగ్గరుంటే ఆమె వాళ్ళ వెంటే కదా. ఆమె వచ్చాకే."

అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. "నేనే పెద్దమ్మా. అంతా నావల్లే."

"ఇచ్చింది నేను. ఊరుకో."

అయిదుంబావు. అయిదున్నర. పడవ మీది జెండా రెపరెపలాడటం మానేసి గుంజకి అంటుకుపోయింది. టీ పొయ్యి పొగ నిటారుగా లేచింది. పెద్దమ్మ ఆ పొగనే చూస్తూ నిలబడింది. గాలి పడిపోయింది. ఆ గుంటలో ఇప్పుడేం జరుగుతోందో? ఆలస్యంగా చెప్పిన ఆ మూడు నిమిషాలు గుర్తొచ్చాయి. తను సిగ్గుపడి మింగిన మూడు నిమిషాలు. అవి ఎవరి లెక్కలోంచి తెగిపోతాయి?

ఏడుంబావుకి చెట్లలో దీపం కనిపించింది. మనుషులు మెల్లగా వస్తున్నారు. మెల్లగా ఎందుకు వస్తున్నారు? బతికున్న మనిషినైతే పరుగున తేరా? పెద్దమ్మ గేటు ఊచ పట్టుకుంది.

అప్పుడు దగ్గు వినిపించింది. గట్టి దగ్గు. ఆ దగ్గు మధ్యలోంచి బొంగురు గొంతు, "మెల్లగా దింపండయ్యా, నేను బస్తాని కాదు."

పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"ఒక్క పీలిక కూడా తప్పలేదు" అన్నాడు ఈల మాస్టారు ఆమె ముందు ఆగి. మనిషి నిలువునా తడిసిపోయి ఉన్నాడు. "మేం వెళ్ళేసరికి పైన ఇంకా కొంచెం గాలి ఉంది. ఇంకో పదినిమిషాలు ఆలస్యమైతే..." ఆగాడు. "నేను బోర్డు చూశానండీ. మనుషుల్ని చూడలేదు."

తోకమ్మ స్ట్రెచరు మీంచి చెయ్యెత్తింది. "పెద్దమ్మగారూ, ముందు మీరు వెళ్ళండి లోపలికి. నా వెనక ఎవరూ ఉండకూడదు."

"ఈ ఒక్క రోజుకి నేనుంటాను వెనక. నువ్వు పద."

స్ట్రెచరు గేటు దాటింది. మోసేవాళ్ళు దాటారు. అందరి తర్వాత పెద్దమ్మ దాటింది. బోర్డు దగ్గరికెళ్ళి, చెమటకి తడిసిన ఏడో నంబరు బిళ్ళని మేకుకి తగిలించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఒడ్డున పడవ సరంగు కేకేశాడు. "ఏమండోయ్, గంట విని వచ్చిన డాక్టరు ఎక్కి కూర్చున్నాడు. ముందు మనిషిని ఎక్కించండి!" స్ట్రెచరు పడవెక్కింది. అలవాటు చొప్పున అందరి చేతులూ సంచుల మీదికి వెళ్ళాయి. సగంమంది లేచారు.

"ఇంకో పడవ ఉంది, మనకి తొందర లేదు" అన్నాడు ఈల మాస్టారు. వెళ్ళి తడిబల్ల మీద తనే ముందు కూర్చున్నాడు. "కూర్చోండి. ఆవిడ ఇప్పుడేగా వచ్చింది."

లోపలికి తెచ్చి వేసిన బ్యాంకాయన కుర్చీలో పెద్దమ్మ కూర్చుంది. రెండు కాళ్ళూ చాపుకుంది. చెల్లెలు టీ తెచ్చిచ్చింది. వేడిగా ఉంది, ఊదుకుంటూ నిదానంగా తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవలేదు.